పాత యునిమాగ్‌కు హిచ్ వెతికే ముందు ట్రైలరు రింగును కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 1960ల చివరి నాటి యునిమాగ్ 411 (పొలంలోనూ రోడ్డు మీదా పనికొచ్చే మెర్సిడెస్ పని బండి) మీ చేతికి వచ్చింది, దానితో రింగు ఉన్న వ్యవసాయ ట్రైలరును లాగాలి. మీరు పెట్టిన ఫోటోలో వెనక హిచ్ (ట్రైలరు రింగును దవడలోకి తీసుకుని పిన్నుతో పట్టి ఉంచే భాగం) కింది దవడ చిట్లి ఉంది, పిన్ను అరిగి సన్నబడింది. ‘యునిమాగ్ 411 హిచ్’ అని నెలల తరబడి వెతుకుతున్నారు. కనబడినవి ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉన్నాయి, అమ్మేవాళ్లందరూ తమదే అసలైనదని చెబుతున్నారు. ఏది కొనాలి, బ్రేకు గొట్టాలు, ట్రైలరు దీపాల సాకెట్టు వంటి మిగతా సామాను ఎలా సంపాదించాలి అని అడిగారు.

ముందుగా, బండి పేరుతో వెతకడం మానేయండి. మీకు ఇన్నాళ్లూ దొరకకపోవడానికి సగం కారణం అదే. హిచ్‌ను బండి కంపెనీ తయారు చేయలేదు. ఆ పనికే పుట్టిన కంపెనీల దగ్గర కొని, నాలుగు బోల్టులతో వెనక బిగించి ఇచ్చింది. రాకింగర్, రింగ్‌ఫెడర్ అనే రెండు జర్మన్ పేర్లు ఈ తరం బళ్ల మీద తరచుగా కనబడతాయి. రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి: రాకింగర్ నేడు జోస్ట్ సంస్థలో భాగం, రింగ్‌ఫెడర్ హిచ్‌ల వ్యాపారం స్వీడన్‌కు చెందిన విబిజి చేతికి వెళ్లింది. అంటే మీరు వెతకవలసింది యాభై ఏళ్ల క్రితం ఆగిపోయిన బండి భాగం కోసం కాదు, ప్రమాణాల ప్రకారం నేటికీ తయారవుతున్న వస్తువు కోసం. దానికి కావలసినవి మూడు కొలతలు: ట్రైలరు రింగు లోపలి వ్యాసం, హిచ్ వెనక పలక మీద బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, అది తట్టుకోవలసిన లాగుడు బలం. ఈ మూడూ చేతిలో ఉంటే అమ్మేవాడు ఏం చెప్పినా మీకు లెక్క ఉండదు.

ఒకే 411కు ఇన్ని రకాల హిచ్‌లు ఎందుకున్నాయనేది కూడా చెప్పుకోవాలి, లేకపోతే ప్రతిదీ నకిలీ అనిపిస్తుంది. ఈ బండిని లారీగా ఊహించి గీయలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఇంజనీరు ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ గీసిన తొలి నమూనాల్లో చక్రాల మధ్య వెడల్పు 1270 మిల్లీమీటర్లు పెట్టారు. అది రెండు బంగాళాదుంప సాళ్ల వెడల్పు. వెనకా ముందూ పనిముట్లు తగిలించుకోవడానికి, పి.టి.ఓ. (ఇంజను శక్తిని పనిముట్లకు అందించే షాఫ్టు) తిప్పడానికి, పొలం నుంచి రోడ్డు మీదికి బరువు లాక్కురావడానికి పుట్టిన యంత్రం అది. 411 రకం 1956 నుంచి 1974 వరకు తయారైంది. కొన్న ప్రతి రైతూ, ప్రతి పురపాలక సంఘమూ, ప్రతి అడవి శాఖా తమ దగ్గర అప్పటికే ఉన్న ట్రైలర్లకు సరిపడే హిచ్ అడిగి పెట్టించుకున్నారు. ఆ తర్వాత చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమాని తన ట్రైలరుకు తగ్గట్టు మార్చుకున్నాడు. అందుకే ‘411కు అసలైన హిచ్’ అనే మాటకు పెద్ద అర్థం లేదు. మీ చాసి (బండి అడుగు ఫ్రేము) మీద ఇప్పుడున్న రంధ్రాలకూ, మీరు లాగబోయే ట్రైలరుకూ సరిపోయేదే మీకు అసలైనది.

ఇక కొలతలు. ముందు బండి దగ్గరికి కాదు, ట్రైలరు దగ్గరికి వెళ్లండి. డ్రాబార్ (ట్రైలరు ముందుకు చాచి ఉండే లాగుడు కడ్డీ) కొసన ఉన్న రింగును వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, లోపలి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఒక్కసారి కాదు, రెండు దిశల్లో: బండి పొడవు దిశలో ఒకసారి, అడ్డంగా ఒకసారి. రింగు ఎప్పుడూ గుండ్రంగా అరగదు. లాగినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ ఒత్తిడి పడే రెండు చోట్ల తిని, కోడిగుడ్డు ఆకారం తీసుకుంటుంది. మీరు అడ్డంగా కొలిచి 40 అనుకుంటే, పొడవు దిశలో అది మరో రెండు మిల్లీమీటర్లు పెరిగి ఉండవచ్చు.

ఆ అంకె ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటవుతుంది. 40 మిల్లీమీటర్లయితే వ్యవసాయ ట్రైలర్లలో, తేలిక లారీ ట్రైలర్లలో వాడే రింగు. జర్మన్ ప్రమాణాల్లో డిన్ 74054, అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 8755 దీనివే. 50 అయితే బరువైన లారీ ట్రైలర్ల రింగు: డిన్ 74053, ఐ.ఎస్.ఓ. 1102. 76 దాకా ఉండి, గుండ్రటి కడ్డీని వంచి చేసిన పెద్ద కడియంలా ఉంటే అది సైనిక ట్రైలరుది. దానికి దవడ, పిన్ను ఉండే హిచ్ కాదు, కొక్కెం కావాలి. రింగు బదులు కింది వైపు గిన్నెలాంటి తల ఉంటే అది బంతి హిచ్ ట్రైలరు. అప్పుడు మీ వెతుకులాట దారి వేరు, దాని గురించి కింద చెబుతాను.

రింగు సైజు ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఆ పొరపాటు నేనే చేశాను. చాలా ఏళ్ల క్రితం పాత సామాను అమ్మే ఒకాయన ‘ఇది ఏ ట్రైలరుకైనా పడుతుంది’ అంటే నమ్మి, 40 రింగు కోసం చేసిన హిచ్ తెచ్చి బిగించాను. నా ట్రైలరు రింగు 50. పడింది, నిజమే. సన్నటి పిన్ను పెద్ద రింగులో ఎందుకు పడదు? కానీ బ్రేకు తాకిన ప్రతిసారీ వెనక నుంచి ‘ఠంగు’మని సుత్తి దెబ్బ. గేరు మార్చినప్పుడు ఇంకొకటి. రింగుకూ పిన్నుకూ మధ్య ఒక సెంటీమీటరుకు పైగా ఖాళీ ఉంటే, నిండు ట్రైలరు ఆ సెంటీమీటరు పరుగెత్తి వచ్చి కొడుతుంది. మొదట చెవి అలవాటు పడింది. ఆరు నెలల తర్వాత వెనక క్రాస్ మెంబరులో (హిచ్ బిగించే, చాసి వెనక అడ్డంగా ఉండే ఇనుప దూలంలో) నాలుగు బోల్టు రంధ్రాలూ సాగి పొడుగయ్యాయి. చౌకగా వచ్చిందని సంబరపడిన హిచ్ నా చేత క్రాస్ మెంబరు మార్పించింది.

రెండో కొలత పలక రంధ్రాలది. పాత హిచ్ విప్పకముందే నాలుగు బోల్టుల నడి బిందువుల మధ్య అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అన్నది కొలవండి. నడి బిందువు కనిపెట్టడం కష్టంగా ఉంటే ఒక బోల్టు ఎడమ అంచు నుంచి రెండో బోల్టు ఎడమ అంచుకు కొలవండి, అదే అంకె వస్తుంది. లారీ తరహా హిచ్‌లలో నాలుగు జతలు మళ్లీ మళ్లీ కనబడతాయి: 83×56, 120×55, 140×80, 160×100 మిల్లీమీటర్లు. జత పెద్దదవుతున్న కొద్దీ బోల్టూ లావవుతుంది. 120×55కు 14 మిల్లీమీటర్ల బోల్టు, 140×80కు 16, 160×100కు 20. మీ అంకెలు ఈ జతల్లో దేనికీ దగ్గరగా లేకపోతే, మధ్యలో ఎవరో తమకు తోచిన రంధ్రాలు పొడిచారని అర్థం. అప్పుడు హిచ్ సంగతి పక్కనపెట్టి ముందు క్రాస్ మెంబరును చూడాలి. రెండు వరుసల రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్న ఇనుము చిల్లుల కాగితం లాంటిది, లాగితే ఆ గీత వెంబడే చిరుగుతుంది.

పలక మధ్యలో ఉండే పెద్ద రంధ్రాన్ని కూడా కొలవడం మరవకండి. హిచ్ తోక అందులోంచి వెనక్కి వెళుతుంది. నాలుగు బోల్టులూ కుదిరి తోక పట్టకపోతే చేసేదేమీ ఉండదు. తోక వెనక నట్టుకు ఎంత చోటుందో, ఎయిర్ ట్యాంకో పి.టి.ఓ. షాఫ్టో అడ్డం వస్తుందేమో కూడా చూసుకోండి.

మూడోది బలం. ఇక్కడ చాలామంది ‘ఎన్ని టన్నులు లాగుతుంది?’ అని అడుగుతారు. హిచ్‌కు చూడవలసింది టన్నులు కాదు, డి విలువ అనే అంకె, కిలో న్యూటన్లలో. లాగే బండి బరువూ, లాగబడే ట్రైలరు బరువూ రెండూ కలిసి హిచ్ మీద వేసే బలం అది. లెక్క సులువే: బండి మొత్తం అనుమతి బరువును ట్రైలరు మొత్తం బరువుతో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో హెచ్చించాలి. బరువులు టన్నుల్లో వేస్తే జవాబు కిలో న్యూటన్లలో వస్తుంది. ఉదాహరణకు బండి 3.2 టన్నులు, నిండు ట్రైలరు 5 టన్నులు అనుకోండి. 3.2ను 5తో గుణిస్తే 16, దాన్ని 8.2తో భాగిస్తే సుమారు 1.95, 9.81తో హెచ్చిస్తే 19.1 కిలో న్యూటన్లు. మీ హిచ్ డి విలువ అంతకు తక్కువ ఉండకూడదు. అదే 16 కిలో న్యూటన్ల హిచ్ దొరికిందనుకుంటే, ఆ బండితో 3.3 టన్నులకు మించి లాగలేరు. ఒక కాగితం మీద మీ అంకెలతో ఈ లెక్క వేసుకోండి. ఇది వేసుకోకుండా హిచ్ కొనేవాళ్లే ఎక్కువ.

ఒంటి ఇరుసు ట్రైలరయితే ఇంకో అంకె కూడా చూడాలి. దాని ముందు బరువు కొంత హిచ్ మీద నిలువుగా కూర్చుంటుంది. హిచ్ ప్లేటు మీద ఆ నిలువు బరువు ఎంత వరకో కిలోల్లో రాసి ఉంటుంది, ఎస్ అనే అక్షరంతో. ముందు ఇరుసు తిరిగే రెండు ఇరుసుల ట్రైలరు తన బరువు తానే మోసుకుంటుంది కాబట్టి ఈ బాధ ఉండదు. పాత హిచ్‌లలో కొన్నింటికి నిలువు బరువు అనుమతి అసలే ఉండదు. అలాంటిది తెచ్చి ఒంటి ఇరుసు ట్రైలరు తగిలిస్తే కింది దవడ వంగుతుంది. మీ ఫోటోలో చిట్లింది కింది దవడే కాబట్టి, పాత యజమాని ఇదే చేసి ఉంటాడని నా అనుమానం.

ఈ అంకెలన్నీ హిచ్ మీద రివెట్ చేసిన చిన్న ప్లేటు మీదో, దవడ మీద కొట్టిన ముద్రలోనో ఉంటాయి. యాభై ఏళ్ల రంగు పొరలు, గ్రీజు, మట్టి కింద అది కనబడదు. గ్రైండరు పెట్టకండి, అంకెలతో సహా పోతుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డను రాత్రంతా దాని మీద కట్టి ఉంచండి. పొద్దున ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దండి. అప్పటికీ చదవడానికి వీలు లేకపోతే పలచటి కాగితం మీద పెట్టి, మెత్తటి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దండి. చిన్నప్పుడు నాణెం కింద పెట్టి బొమ్మ తీసినట్టు అంకెలు తేలతాయి. అలల గీత గుర్తు, పక్కన ఎం అక్షరం, ఒక నంబరు కనబడితే అది జర్మన్ అనుమతి ముద్ర. ఆ నంబరుతో హిచ్ రకం తేలిపోతుంది. వలయంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం ఉంటే ఐక్యరాజ్యసమితి 55వ నిబంధన కింద వచ్చిన అనుమతి, అంటే ఆ హిచ్ బండి కన్నా చిన్నది, తర్వాత ఎవరో మార్చినది. ఏ ముద్రా లేని హిచ్‌ను, అది ఎంత బలంగా కనబడినా, రోడ్డు మీదికి తీసుకెళ్లవద్దు.

ఇప్పుడు వెతకడం. ఈ బండి పుట్టింది జర్మనీలో, దాని సామాను ఎక్కువగా ఉన్నదీ అక్కడే. అక్కడివాళ్లు తమ భాషలోనే అమ్మకానికి పెడతారు. హిచ్‌ను ‘ఆన్‌హేంగర్‌కుప్లుంగ్’ (Anhängerkupplung) అంటారు, దవడను ‘త్సూగ్‌మౌల్’ (Zugmaul), ట్రైలరు రింగును ‘త్సూగ్‌యోజె’ (Zugöse) అంటారు. వెనక రెండు లిఫ్టు చేతుల మధ్య తగిలించే చిల్లుల పట్టీ ‘ఆకర్‌షీనె’ (Ackerschiene). ఈ నాలుగు మాటలను జర్మన్ లిపిలో వేసి, పక్కన మీ రంధ్రాల జతను, రింగు సైజును జోడించి చూడండి. బండి పేరు వేయకపోతే అదే కాలపు ట్రాక్టర్ల హిచ్‌లు, చిన్న లారీల హిచ్‌లు కూడా తగులుతాయి. మీకు కావలసింది వాటిలో ఉండే అవకాశమే ఎక్కువ. యునిమాగ్ అన్న పేరు తగిలిందంటే అదే ఇనుము ధర పెరుగుతుంది.

కంపెనీ భాగం నంబరు దొరికితే అది కూడా ఉపయోగమే. మెర్సిడెస్ భాగాల నంబర్లలో ఇంగ్లీషు ‘A’ అక్షరం తర్వాతి మూడంకెలు ఏ రకం బండి కోసం మొదట గీశారో చెబుతాయి, ఆ తర్వాతి అంకెలు బండిలో ఏ విభాగమో చెబుతాయి. 31తో మొదలయ్యే విభాగం చాసి ఫ్రేమూ హిచ్చూ. కాబట్టి ఒక బ్రాకెట్టు మీద 406 అని కనబడినా కంగారు పడకండి. అది మొదట 406 అనే ఇంకో యునిమాగ్ రకం కోసం గీసినదని మాత్రమే అర్థం, తర్వాత వేరే రకాలకూ వాడి ఉండవచ్చు. మీ చాసి నంబరు మొదట్లో ఉన్న 411, చుక్క తర్వాతి మూడంకెలు ఎవరిని అడిగినా ముందు చెప్పండి. అవి లేకుండా అడిగిన ప్రశ్నకు అనుభవజ్ఞులు జవాబివ్వరు. గాగెనావ్‌లో యునిమాగ్ క్లబ్బు ఉంది, 2006లో తెరిచిన మ్యూజియం కూడా ఆ ఊళ్లోనే. 1951 నుంచి ఈ బండి తయారైంది అక్కడే. పాత సామాను ఎవరి దగ్గర మిగిలి ఉందో తెలిసిన మనుషులు అలాంటి క్లబ్బుల్లో తగులుతారు.

సైనిక మిగులు సామాను గురించి మీరు విడిగా అడిగారు. 404 రకం యునిమాగ్ 1955 నుంచి 1980 వరకు, ఎక్కువగా సైన్యాల కోసం తయారైంది. దాని సామాను గుట్టలుగా దొరుకుతుంది, నాణ్యతలో లోటు లేదు. కానీ రెండు చిక్కులు. దాని హిచ్ సైనిక రింగు కోసం ఉద్దేశించిన కొక్కెం కావచ్చు. దాని కరెంటు 24 వోల్టులు, మీది 12. హిచ్ వరకు రింగు కొలత కుదిరితే సరే, కరెంటు సామాను మాత్రం కళ్లు మూసుకుని తేకండి.

పాత హిచ్ దొరికిందంటే కొనేముందు చేతితో చూడవలసినవి ఉన్నాయి. దవడను పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. ఆ దిశలో ఏ మాత్రం ఆట ఉన్నా లోపలి రబ్బరో స్ప్రింగో పోయిందని అర్థం. కొత్త రబ్బరు దొరికితే మార్చవచ్చు, కానీ ధరలో అది తగ్గించి అడగాలి. దవడ తన ఇరుసు మీద పక్కకు తిరగాలి. తిరగకపోతే తుప్పుతో పట్టేసింది. గతుకుల్లో బండి ఒక వైపు, ట్రైలరు ఇంకో వైపు ఒరిగినప్పుడు ఆ మెలికను ఎక్కడో ఒకచోట వదలాలి: హిచ్ తిరగాలి, లేదా ట్రైలరు రింగు తిరగాలి. రెండూ బిగుసుకుని ఉంటే ఆ మెలిక మొత్తం క్రాస్ మెంబరు తింటుంది. ట్రైలరు బోల్తా పడితే బండిని కూడా తనతో తిప్పేస్తుంది.

పిన్నును పైనుంచి కిందికి మూడు చోట్ల కొలవండి. నడుమ బొద్దుగా, చివరలు సన్నగా ఉంటే కంగారు వద్దు, కొన్ని పిన్నులను పీపా ఆకారంలోనే చేస్తారు. ఒక పక్క చదునుగా తిని ఉంటే మాత్రం అది అరుగుదల. ఎంత వరకు అరగవచ్చో ప్రతి రకానికీ తయారీదారు పట్టిక ఉంది. పిన్నూ, కింది బుష్షూ విడిగా దొరుకుతాయి కాబట్టి అవి అరిగాయని హిచ్‌ను వదులుకోనక్కర లేదు. దవడ చిట్లితే మాత్రం వదులుకోవాలి. మీరు అడిగిన ‘వెల్డింగ్ చేయిస్తే సరిపోదా?’ అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: చేయించకండి. వేడికి ఆ ఉక్కు స్వభావం మారుతుంది. వెల్డింగ్ పట్టిన చోటు గట్టిగానే ఉంటుంది, దాని పక్కన పెళుసెక్కిన చోట పుటుక్కుమంటుంది. అరిగిన పిన్ను మీద వెల్డింగ్ పోసి లేత్ మీద తిప్పించడమూ ఇదే కోవలోకి వస్తుంది.

పగుళ్లు చూడటానికి పాత పద్ధతి ఒకటి చెబుతాను, మీ క్రాస్ మెంబరు మీదా ఇదే చేయండి. రంగు గీకి, లోహం కనబడేలా శుభ్రం చేయండి. కిరోసిన్ పట్టించి అరగంట వదిలేయండి. తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్కను మెత్తగా నూరి ఆ పొడిని పలచగా చల్లండి. కాసేపు ఏమీ కనబడదు. కాసేపటికి తెల్లటి పొడి మీద ఒక సన్నటి తడి గీత దానంతటదే ఊరుతుంది, బోల్టు రంధ్రం అంచు నుంచి మొదలై వంకరగా బయటికి. అది పగులు. కంటికి ఆనని పగులు లోపల దాక్కున్న కిరోసిన్‌ను సుద్ద పీల్చి చూపిస్తుంది. గీత రాకపోతే మంచిదే, వస్తే క్రాస్ మెంబరు మార్చవలసిందే. నిజానికి ఈ బళ్లలో దొరకడం కష్టమైన భాగం ఇదే, హిచ్ కాదు. విప్పేసిన బళ్ల నుంచి వచ్చినది దొరికితే, ఇప్పుడు అవసరం లేకపోయినా కొని పక్కన పెట్టుకోండి.

రంధ్రాలు సాగి ఉంటే పెద్ద వాషరు వేసి సర్దుకోవడం కూడా వద్దు. బోల్టులు కొత్తవే వేయండి. తల మీద 8.8 అని గానీ, హిచ్ తయారీదారు అడిగితే 10.9 అని గానీ ముద్ర ఉండాలి. మామూలు మర ఉన్న 16 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు సుమారు 210 న్యూటన్ మీటర్ల బిగింపు పడుతుంది. చేతి లెక్కతో కాదు, బిగింపు బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించండి. పాత బోల్టు మర సన్నదా, ముతకదా అన్నది మర గేజీతో చూసి అదే తీసుకోండి. రంగు మీద బిగించిన బోల్టు కొన్నాళ్లకు వదులవుతుంది, రంగు నలిగి పలచబడుతుంది మరి. పలక ఆనే చోట రంగు గీకి పలచగా ప్రైమరు మాత్రం వేయండి. మొదటి లాగుడు తర్వాత మళ్లీ ఒకసారి రెంచి పెట్టి చూడండి.

ఆటోమేటిక్ హిచ్ కొంటే ఒక హెచ్చరిక. లివరు ఎత్తి ఉంచితే రింగు దవడలోకి వచ్చి తాకగానే పిన్ను తనంతట తాను పడుతుంది. అది రింగుకూ వేలికీ తేడా తెలియని యంత్రం. లివరు ఎత్తి ఉండగా దవడలో చెయ్యి పెట్టకండి, గ్రీజు పూయడానికైనా సరే. తగిలించాక పక్కనున్న చిన్న గుర్తు పిన్ను లోపలికి పోయిందో లేదో వేలితో తడిమి చూడండి. బయటికి పొడుచుకుని ఉంటే పిన్ను పూర్తిగా దిగలేదు.

బంతి హిచ్ సంగతి. మీ ట్రైలరుకు గిన్నె తల ఉంటే, అదే పలక రంధ్రాలకు సరిపడే బంతి హిచ్‌లు దొరుకుతాయి. బంతి వ్యాసం 50 మిల్లీమీటర్లా, రెండు అంగుళాలా అన్నది చూసుకోండి. రెండు అంగుళాలంటే 50.8, ఆ 0.8 మిల్లీమీటర్ల తేడాకే 50 గిన్నె సరిగ్గా కూర్చోదు. అరిగి 49కి దిగిన 50 బంతిని పారేయాలి. అయితే మీకున్నది వ్యవసాయ ట్రైలరు, రింగు ఉన్నదే కాబట్టి బంతి జోలికి పోవద్దనే నా సలహా. లిఫ్టు చేతుల మధ్య చిల్లుల పట్టీకి ట్రైలరు తగిలించి రోడ్డెక్కే అలవాటు కొందరికి ఉంది. అది పొలంలో పనిముట్లకు పెట్టినది. లిఫ్టు దిగిందంటే ట్రైలరు ముక్కు నేలకు దిగుతుంది.

ఎయిర్ బ్రేకు గొట్టాల గురించి మాత్రం తొందరపడకండి. మీ బండికి ఎయిర్ బ్రేకు గొట్టం ఒకటే ఉందా, రెండున్నాయా? వెనక ఒకే కప్లింగు తల ఉంటే అది ఒంటి గొట్టం పద్ధతి. అందులో బ్రేకు వేయనప్పుడు గొట్టంలో సుమారు 5 బార్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది, ఆ ఒత్తిడి తగ్గితే ట్రైలరు బ్రేకు పడుతుంది. ఎరుపు, పసుపు తలలు రెండుంటే జంట గొట్టాల పద్ధతి. ఎరుపులో ఎప్పుడూ గాలి నిండి ఉంటుంది, పసుపులో ఒత్తిడి పెరిగితే బ్రేకు పడుతుంది. అంటే రెండు పద్ధతులూ ఒకదానికొకటి తలకిందులు. ఒంటి గొట్టం బండికి జంట గొట్టాల ట్రైలరును ఏదో ఒక అడాప్టరుతో తగిలించడం కుదిరే పని కాదు, బండిలో ట్రైలరు కంట్రోల్ వాల్వే మార్చాలి. ఆ పని బ్రేకులు తెలిసిన వర్క్‌షాపుకు అప్పగించండి. కప్లింగు తలల రబ్బరు వాషర్లు, గొట్టాలు మామూలు లారీ సామాను అమ్మేచోటే దొరుకుతాయి, వాటికి యునిమాగ్ అన్న మాట ఎత్తనే వద్దు.

సాకెట్టు చిన్న విషయం. ఏడు పిన్నుల 12 వోల్టు సాకెట్టులో మూడో పిన్ను ఎర్తు. ఒకటి ఎడమ ఇండికేటరు, నాలుగు కుడి ఇండికేటరు, అయిదు కుడి వెనక దీపం, ఆరు బ్రేకు దీపం, ఏడు ఎడమ వెనక దీపం. 24 వోల్టుల ఏడు పిన్నుల సాకెట్టులో ఎర్తు ఒకటో పిన్నుకు ఉంటుంది. సైనిక బండి నుంచి తెచ్చిన సాకెట్టును పాత తీగెల వరుసలోనే కలిపితే ఇండికేటరు వేసిన ప్రతిసారీ ఫ్యూజు పోతుంది. ట్రైలరు దీపాలు వింతగా మిణుకుతుంటే ముందు ఎర్తు తీగె చూడండి. వెనక క్రాస్ మెంబరు మీద దాని బోల్టు కింద తుప్పు పట్టి ఉంటుంది.

పి.టి.ఓ. భాగాలు అడిగారు కాబట్టి ఒక ముక్క: వెనక షాఫ్టు కొస 35 మిల్లీమీటర్లు ఉండి, దాని మీద పొడవునా ఆరు గాడులు ఉంటే అది నిమిషానికి 540 చుట్ల మామూలు ట్రాక్టరు కొలత. ఏ వ్యవసాయ పనిముట్ల దుకాణంలోనైనా దానికి షాఫ్టు, కవచం దొరుకుతాయి. ఇంజను గురించి బెంగ వద్దు. మీ ఓ.ఎం. 636 డీజిలు ఇంజనును ఆనాటి మెర్సిడెస్ కార్లలోనూ వాడారు, అందుకే దాని గాస్కెట్లు, రింగులు, నాజిల్సు హిచ్ కన్నా తేలికగా వస్తాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది: ట్రైలరు రింగు రెండు దిశల వ్యాసాలు, పలక రంధ్రాల జత, బోల్టు లావు, ట్రైలరుకు ఇరుసులు ఎన్ని, నిండు బరువు ఎంత, హిచ్ మీది ప్లేటు ఫోటో. ఇవన్నీ పెట్టండి, ఏ రకం వెతకాలో చెబుతాను. ఫోటో తీసేటప్పుడు ఎదురుగా ఫ్లాషు కొట్టకండి, అంకెలు వెలిసిపోతాయి. చీకటి పడ్డాక టార్చిలైటును ప్లేటుకు పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుని తీయండి. నీడలు పడి అంకెలు లేచి కనబడతాయి.